నూనె డబ్బాలు, పాత చీరలు, ట్రంకు పెట్టె: గోడకు మేకు కొట్టకుండా అద్దె ఇంట్లో ఏమేం చేసుకోవచ్చు

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: అద్దెకు తీసుకున్న రెండు పడగ్గదుల ఫ్లాటు. గోడకు మేకు కొట్టొద్దని ఓనరు మాట. ఇంట్లో ఖాళీ అయిన 15 కిలోల నూనె డబ్బాలు 6, కట్టకుండా పక్కన పెట్టిన చీరలు ఓ పది, మీ అత్తగారి ఇనుప ట్రంకు పెట్టె, పాత కుట్టుమిషను కాళ్ళు, అటక నిండా గాజు సీసాలు, కొరియర్ అట్టపెట్టెలు ఉన్నాయి. వీటితో సామాన్లు సర్దుకోవాలి, ఇల్లు కూడా కాస్త చూడముచ్చటగా ఉండాలి.

ఈ సామాన్లలో ప్రతిదానికీ ఒక లోపం ఉంది. రేకు డబ్బాకు అంచు, పాత చీరకు మడత, ట్రంకుకు మూత, అట్టకు తడి. ముందు ఆ లోపాన్ని చూసుకుని, తర్వాత ఏం చేయాలో తేల్చుకోండి. ఫోటో చూసి ముచ్చటపడి చేసినవి ఆర్నెల్లు తిరక్కుండానే పాత సామాన్ల బండెక్కుతున్నాయంటే, చాలావరకు ఈ సంగతి పట్టించుకోకపోవడం వల్లే.

మీ దగ్గర ఉన్నవాటిలో నూనె డబ్బాలే అసలు సరుకు. అందుకే వాటి గురించి కాస్త ఎక్కువ చెబుతాను. డబ్బా సుమారు 9 అంగుళాల చదరం, 14 అంగుళాల పొడవు ఉంటుంది. అడ్డంగా పడుకోబెడితే ఒక్కో డబ్బాలో ఒక జత బూట్లు పొడుగ్గా సరిగ్గా పడతాయి. చెప్పులైతే నిలబెట్టి రెండు జతలు పెట్టొచ్చు. ఆరు డబ్బాలనూ కింద మూడు, పైన మూడు పేర్చి బిగిస్తే 28 అంగుళాల వెడల్పు, 18 అంగుళాల పైచిలుకు ఎత్తుతో గుమ్మం పక్కన చెప్పుల అర తయారవుతుంది. గోడతో పనే లేదు.

మొదటి పని జిడ్డు వదిలించడం. ఇక్కడ బద్ధకిస్తే తర్వాత చేసేదంతా దండగ. డబ్బాను ఒక రోజు ఎండలో తలకిందులుగా పెట్టి మిగిలిన నూనె కారనివ్వండి. తర్వాత రెండు గుప్పెళ్ళ పొడి ఊక గానీ రంపపు పొట్టు గానీ లోపల పోసి అటూ ఇటూ కుదిపి పారబోయండి. అదే సగం జిడ్డు పీల్చేస్తుంది. ఆపైన లీటరు వేడినీళ్ళకు రెండు పెద్ద చెంచాల చాకలి సోడా కలిపి, డబ్బాలో పోసి అరగంట ఉంచి, పీచుతో తోమండి. (చాకలి సోడా అల్యూమినియాన్ని తినేస్తుంది కాబట్టి ఆ నీళ్ళు అల్యూమినియం గిన్నెలో కాచొద్దు.) జిడ్డు పోయిందో లేదో తెలుసుకోవడం తేలిక. రేకు మీద నీళ్ళు చల్లండి. నీళ్ళు పొరలా పరుచుకుంటే శుభ్రమైనట్టు. తామరాకు మీద బొట్లలా విడివిడిగా నిలిస్తే ఇంకా నూనె ఉన్నట్టే, మళ్ళీ కడగాలి. ఆ స్థితిలో పెయింటు వేస్తే అక్కడక్కడా గుంటలు పడి, నెల తిరక్కుండా పొరలుగా లేస్తుంది.

ఇక మూత కోయడం. చాలామంది అంచు వెంబడే మొత్తం కోసేస్తారు. అది పొరపాటు. డబ్బా పైన చుట్టూ ఉండే మడత అంచే దాని వెన్నెముక. అది పోతే మిగిలేది 0.3 మిల్లీమీటర్ల పలచటి రేకు, చేత్తో నొక్కితే లోపలికి వంగిపోతుంది. కాబట్టి మూత మధ్యలో ఉలితో ఒక చిల్లు పొడిచి, అక్కణ్ణుంచి రేకు కత్తెరతో అంచు వైపు వెళ్ళండి. అంచుకు ముప్పావు అంగుళం దూరంలో ఆగి, ఆ దూరం తగ్గకుండా చుట్టూ కోయండి. నాలుగు మూలల్లోనూ ఐమూలగా ఒక్కో గాటు పెట్టండి. మిగిలిన ముప్పావు అంగుళం పట్టీలను కటింగ్ ప్లేయర్‌తో లోపలికి వంచి, సుత్తితో లోపలి గోడకు అణిచేయండి. పైన తగిలేది ఇప్పుడు గుండ్రటి మడత, కోసిన అంచు లోపలికి పోయింది. పిల్లలున్న ఇల్లయితే ఇంకో జాగ్రత్త: పాత నీళ్ళ పైపు ముక్కను పొడుగునా చీల్చి అంచు మీద తొడిగేయండి. ఈ పనంతా తోలు గ్లవ్స్ వేసుకునే చేయాలి. గ్రైండరుతో కోయొద్దు. నిప్పురవ్వలు పడతాయి, లోపల జిడ్డు ఆవిరి ఉంటే అంటుకుంటుంది. టిన్నరు, పెట్రోలు, పురుగుమందు ఉన్న డబ్బాలైతే అసలు తాకనే తాకొద్దు, ఎంత కడిగినా సరే.

పెయింటు: 220 నంబరు ఎమరీ పేపరుతో మెరుపు పోయేదాకా రుద్ది, తడిగుడ్డతో తుడిచి ఆరబెట్టి, ముందు ఒక కోటు రెడాక్సైడ్ ప్రైమరు (తుప్పును ఆపే అడుగు పూత), దాని మీద రెండు కోట్లు ఎనామిల్. కోటుకూ కోటుకూ మధ్య ఒక రాత్రి గడవనివ్వండి. ఆరు డబ్బాలకు లోపలా బయటా కలిపి అర లీటరు ప్రైమరు, లీటరు ఎనామిల్ సరిపోతాయి. రెడాక్సైడ్ ఎందుకులే, పైన రంగు వేస్తున్నాంగా అనుకోవద్దు. నూనె డబ్బా రేకు మీద ఉండేది తగరం పూత. గాల్వనైజ్డ్ రేకు మీద ఉండే జింకు, గీత పడిన చోట తాను ముందు కరిగిపోయి ఇనుమును కాపాడుతుంది. తగరం ఆ పని చేయదు. గీత పడిన చోట ఇనుము ఇంకా తొందరగా తుప్పు పడుతుంది. మీరు కోసిన ప్రతి అంచూ, పొడిచిన ప్రతి చిల్లూ అలాంటి గీతే, కాబట్టి వాటికి ప్రైమరు బ్రష్షుతో ముంచి పట్టించండి. ముసురు పట్టిన రోజుల్లో పెయింటు పని పెట్టుకోకండి. పైపొర మసకబారుతుంది, చెయ్యి పెడితే వేలిముద్ర పడుతుంది.

బిగించడానికి 6 మిల్లీమీటర్ల బోల్టులు, ముప్పావు అంగుళం పొడవువి 14 కావాలి. మూడు చోట్ల పైడబ్బా కిందడబ్బా కలుస్తాయి, నాలుగు చోట్ల పక్కపక్క డబ్బాలు కలుస్తాయి. మొత్తం ఏడు అతుకులు, అతుక్కి రెండు బోల్టులు. వాషర్లు మాత్రం 28 కొనండి, బోల్టు తలకొకటి, నట్టుకొకటి. పెద్ద వాషర్లే అడగండి. వాషరు లేకుండా బిగిస్తే పలచటి రేకు బోల్టు చుట్టూ చిరిగిపోయి, ఒకరోజు పై వరస ఊగడం మొదలెడుతుంది. ఒక బోల్టు మూతికి 3 అంగుళాల లోపల, రెండోది 10 అంగుళాల లోపల వేస్తే చెయ్యి అందుతుంది. చిల్లులన్నీ పెయింటుకు ముందే వేసుకోవాలి. అర మొత్తాన్నీ నేల మీద నేరుగా పెట్టకుండా కింద రెండు చెక్క పట్టీలు, అంగుళం మందానివి, వేయండి. రోజూ ఇల్లు తుడిచే తడి అడుగు అతుకులోకి దిగితే ఏ పెయింటూ కాపాడలేదు.

ఇంకో రెండు మూడు డబ్బాలు దొరికితే మొక్కలకు వాడొచ్చు. అడుగున మేకుతో 6 చిల్లులు, ఒక్కోటి చిటికెనవేలి మందాన. చిల్లులు లోపలి నుంచి బయటకు పొడవండి. అప్పుడు రేకు పెదవులు కిందికి తిరుగుతాయి, నీళ్ళు నిలవకుండా జారిపోతాయి. డబ్బా నిండా తడిమట్టి అంటే 25 కిలోల పైమాటే. బాల్కనీ పిట్టగోడ మీద అంత బరువు పెట్టొద్దు, నేల మీదే, గోడవార పెట్టండి. కింద పెట్టే పళ్ళెంలో నీళ్ళు నిలిస్తే డెంగీ దోమకు అదే చాలు. వారానికోసారి పారబోసి, పళ్ళెం రుద్ది కడగండి. గుడ్లు అంచుకు అంటుకుని ఉంటాయి కాబట్టి ఊరికే ఒంపేస్తే పోవు.

చీరల సంగతికొద్దాం. కత్తెర పట్టేముందు రెండు బొటనవేళ్ళ మధ్య గుడ్డను పట్టుకుని మడత ఉన్న చోట గట్టిగా లాగి చూడండి. చిర్రుమంటే ఆ చీర పరదాకు పనికిరాదు. పట్టుచీర ఏళ్ళ తరబడి ఒకే మడతలో ఉంటే ఆ గీత వెంబడే పగులుతుంది. అలాంటిదాన్ని ఏదైనా గుడ్డ మీద పరిచి కుడితేనే నిలుస్తుంది. అసలు జరీ ఉన్న పాత పట్టుచీరైతే కోయకండి. జరీ కొనేవాళ్ళకు ఒకసారి చూపించండి, ఒక్కోసారి ఆ డబ్బుతో కొత్త పరదాలే వస్తాయి.

నూలు చీర గట్టిగా ఉంటే గుమ్మం పరదాకు అంతకన్నా మంచి గుడ్డ లేదు. లెక్క చూడండి. చీర పొడవు 5.5 మీటర్లు, అంటే 216 అంగుళాలు. 7 అడుగుల గుమ్మానికి 84 అంగుళాలు, రాడ్డు దూర్చే మడతకు 4, అడుగు మడతకు 4, మొత్తం 92. రెండు ముక్కలకు 184. మిగిలేది 32 అంగుళాలు, అది దాదాపు కొంగు పొడవు. కాబట్టి ముందు కొంగును విడిగా కోసి తీసేయండి. అలా చేయకపోతే ఒక పరదా అడుగున కొంగు, రెండో దానికి ఖాళీ, జత కుదరదు. రెండు ముక్కల వెడల్పూ కలిపితే 90 అంగుళాలు వస్తుంది. 4 అడుగుల రాడ్డుకు దాదాపు రెట్టింపు, కుచ్చులు నిండుగా పడతాయి. చీర అంచులు నిలువుగా రెండు వైపులా వచ్చి, పక్క మడతలు కుట్టే పని కూడా తప్పుతుంది. రాడ్డు లేకపోతే గుమ్మం చట్రం మధ్య బిగుసుకునే స్ప్రింగు రాడ్డు దొరుకుతుంది, మేకు అక్కర్లేదు. బాగా పలచటి చీరకు వెనక పాత పంచె వేసి కుట్టండి. పడమటి కిటికీకి మాత్రం పట్టు వాడొద్దు, సాయంత్రం ఎండకు రెండు వేసవుల్లో పీలికలవుతుంది.

విడిగా తీసిన కొంగు టేబులు మీద పరవడానికీ, దిండు గలీబుకూ బాగుంటుంది. లేదా చెక్క చట్రానికి బిగించి బల్ల మీద గోడకు ఆనించండి. బిగించేటప్పుడు ముందు నాలుగు వైపులా మధ్యలో ఒక్కో పిన్ను, ఆ తర్వాత మూలల వైపు వెళ్ళాలి. ఒక వైపు మొత్తం కొట్టేసి రెండో వైపు లాగితే అంచు గీత పాములా వంకర పోతుంది, జరీ అంచు ఉంటే ఆ వంకర మరీ కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది.

మెత్తబడిపోయిన నూలు చీరలను కాళ్ళపట్టగా అల్లండి. పొడుగునా రెండంగుళాల పేలికలు చింపాలి (నూలు చేత్తోనే చిరుగుతుంది, పాలిస్టరు కత్తిరించాలి). మూడు పేలికలు జడలా అల్లి, ఆ జడను గుండ్రంగా చుడుతూ పక్క వరసలను దబ్బనంతో, నైలాను దారంతో కలిపి కుట్టడమే. రెండడుగుల గుండ్రటి పట్టకు రెండు చీరలు దగ్గర పెట్టుకోండి. మూడు పేలికలూ ఒకే చోట అతకొద్దు, అతుకులు ఎడంగా రావాలి, లేకపోతే అక్కడ ముడిలా లేచి కాలికి తగులుతుంది. అందరికీ వచ్చే కష్టం ఇంకోటుంది: పట్ట గిన్నెలా పైకి లేవడం. బయటి వరసలను బిగించి లాగి కుట్టడం వల్ల అలా అవుతుంది. ఒళ్ళో పెట్టుకుని కుడితే లేవక మానదు. బల్ల మీద పరిచి, వంపు దగ్గర జడను కాస్త వదులుగా వదులుతూ కుట్టండి. అంచు అలలు అలలుగా అయిందంటే వదులు ఎక్కువైనట్టు. కుట్టు విప్పి సరిచేయడం తప్ప ఇస్త్రీతో ఏదీ పోదు. టైల్స్ నేల అయితే అడుగున జారని రబ్బరు జాలి తప్పనిసరి, ముఖ్యంగా పెద్దవాళ్ళున్న ఇంట్లో. రంగు దిగుతుందేమోనని ఉప్పునీళ్ళలో నానబెడుతుంటారు, దానివల్ల రంగు ఆగదు. తెల్లగుడ్డ తడిపి చీర మీద గట్టిగా రుద్ది చూడండి. అంటితే ఆ చీరను లేతరంగు చీరతో కలపకండి.

ఇవేవీ కుదరకపోతే బొంత ఉండనే ఉంది. మూడు నాలుగు చీరలు ఒకదాని మీద ఒకటి పరిచి, మధ్య నుంచి అంచుల వైపు వదులుకుట్లు వేసుకుని, ఆ తర్వాత అంగుళంన్నర ఎడంతో సన్నకుట్టు. అంచు నుంచి మొదలెడితే మధ్యలో బుడగలా ఉబ్బుతుంది. పాతబడ్డ సోఫా మీద బొంత పరిస్తే వేరే కవరు ఎందుకు?

ట్రంకు పెట్టెను కూర్చునే పెట్టెగా మార్చొచ్చు, మీ హాల్లోకి అదే బాగుంటుంది. తుప్పును తీగబ్రష్షుతో గీకి, ఎమరీ పట్టి, రెడాక్సైడ్, ఎనామిల్ వేయడం డబ్బాల లాగే. మూత రేకు మాత్రం మనిషి బరువు మోయదు, నాలుగు రోజుల్లో మధ్యలో గుంట పడి తాళం కుదరదు. అందుకని మూత కొలతకు 12 మిల్లీమీటర్ల ప్లైవుడ్ కోయించి, బరువు మూత మధ్య మీద కాక నాలుగు పక్క గోడల మీద పడేలా అంచుల దాకా కూర్చోబెట్టండి. మూత పైకి ఉబ్బినట్టు ఉంటే ప్లైవుడ్ అడుగున చుట్టూ చెక్క పట్టీ వేసి ఆ ఎత్తు సరిచేయాలి. దాని మీద రెండంగుళాల స్పాంజి, 32 డెన్సిటీది అడగండి. అంతకన్నా తక్కువది మూణ్ణెల్లకే అణిగిపోతుంది. అన్నిటికన్నా ముఖ్యం మూత ఆగడం. ప్లైవుడ్ బరువు తోడైన మూత వేళ్ళ మీద పడితే ఎముకలు విరుగుతాయి. రెండు పక్కలా గొలుసు వేసినా అది మూత వెనక్కి వాలిపోకుండానే ఆపుతుంది, ముందుకు పడకుండా ఆపదు. గొలుసులు తెరిచిన మూత కాస్త వెనక్కి వాలి నిలిచేంత పొడవు ఉండాలి. చిన్నపిల్లలున్న ఇల్లయితే మూత ధడాలున పడకుండా పట్టి ఉంచే హైడ్రాలిక్ కడ్డీ వేయించండి, తాళం కూడా వేసి ఉంచండి. లోపల పట్టుచీరలు పెడితే ఇనుముకు తగలకుండా నూలు పంచెలో చుట్టి పెట్టాలి, తుప్పు మరక పట్టుకు అంటితే వదలదు.

కుట్టుమిషను కాళ్ళు పోత ఇనుము. సుత్తి దెబ్బకు వంగవు, విరుగుతాయి. బిగుసుకున్న బోల్టును కొట్టి తీయొద్దు, కిరోసిను పోసి ఒక రాత్రి వదిలేయండి. పైన 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్ గానీ మిగిలిన గ్రానైట్ పలక గానీ వేస్తే రాతబల్ల అవుతుంది. ఆ మందం గ్రానైట్ చదరపు అడుగుకు నాలుగున్నర కిలోలు, అంటే 2 అడుగులకు 4 అడుగుల పలక 36 కిలోలు. ఇల్లు మారేటప్పుడు ఎవరు మోస్తారో ఆలోచించుకోండి. అద్దె ఇంట్లో ఉన్నవాళ్ళకు ప్లైవుడ్డే నయం. తొక్కుడు పలకను తీగతో కదలకుండా కట్టేయండి, చక్రం తిరిగితే పిల్లల వేళ్ళు ఇరుక్కుంటాయి. ప్లైవుడ్ ముక్కలకూ చక్రాలకూ సికింద్రాబాద్ రాణిగంజ్ వైపు వెళ్తే అన్నీ ఒకచోట దొరుకుతాయి. ఎర్రగడ్డ ఆదివారం సంతలో పాత మిషను కాళ్ళు కూడా కనిపిస్తుంటాయి, కొనేటప్పుడు అడ్డకమ్మీలు పగిలి అతికించారేమో వేలితో తడిమి చూడండి.

గాజు సీసాల్లో పచ్చడి వాసన పోవాలంటే ఆవపిండి నీళ్ళలో కలిపి లోపల పూసి, గంటాగి కడిగి ఎండలో పెట్టండి. మూతల వాసన మాత్రం పోదు, లోపలి రబ్బరు పట్టీలో ఉంటుంది అది, మూత మార్చుకోవడమే. లేబుల్ జిగురు నీళ్ళకు ఊడకపోతే వంటనూనె, తినే సోడా ముద్ద చేసి రుద్దండి. సీసాలను వంటింటి చెక్క అర అడుగున వేలాడదీయడం బాగుంటుంది: మూతను అర కిందకు స్క్రూలతో బిగించి, సీసాను అందులోకి తిప్పి పెట్టడం. మూతకు ఒక్క స్క్రూ వేస్తే సీసా తిప్పినప్పుడల్లా మూత కూడా తిరుగుతుంది, రెండు వేయాలి. అర మందం 18 మిల్లీమీటర్లయితే స్క్రూ పొడవు 12కు మించొద్దు, పైకి పొడుచుకొస్తుంది. అర ఓనరుదైతే అడిగి చేయండి. లీటరు సీసా నిండా పప్పు పోసి వేలాడదీయకండి, దినుసులు, పోపు సామాన్ల వరకే.

అట్టపెట్టెలు సొరుగుల్లోపల గదులు చేసుకోవడానికి తప్ప దేనికీ వాడొద్దనే నా సలహా. నేల మీద పెడితే తుడిచే తడికి మెత్తబడతాయి, చెదలకూ వెండిపురుగులకూ అదే ఇల్లవుతుంది. సొరుగుకు 5 ప్లై (ఐదు పొరల) అట్ట తీసుకుని, 3 అంగుళాల పట్టీలు కోసి, ఎదురెదురు పట్టీలకు సగం ఎత్తు దాకా గాట్లు పెట్టి ఒకదానిలో ఒకటి దూర్చండి, జిగురు కూడా అక్కర్లేదు. కోసేటప్పుడు అట్ట లోపలి గొట్టాల గీతలు నిలువుగా రావాలి, అడ్డంగా వస్తే పట్టీ నడుం విరుగుతుంది. గుడ్డ అంటించాలంటే మైదా జిగురు వద్దు, బొద్దింకలు దాన్నే తింటాయి. ఫెవికాల్‌ను పలచగా బ్రష్షుతో పూసి, పైన పుస్తకాలు పేర్చి ఒక రాత్రి ఉంచండి. అట్టకు ఒకవైపే గుడ్డ అంటిస్తే ఆరాక ఆ వైపుకు వంగుతుంది, రెండో వైపు కనీసం కాగితమైనా అంటించాలి.

గోడకు అంటించే హుక్కుల గురించి కూడా అడుగుతారేమో. డిస్టెంపర్ వేసిన గోడ మీద అవి నిలవవు, హుక్కుతో పాటు పెయింటు పొర ఊడి కిందపడుతుంది, డిపాజిట్టులో కోత పడుతుంది. వంటింటి టైల్స్ మీదా, ఉడ్ పాలిష్ చేసిన తలుపుల మీదా పట్టుకుంటాయి. టైల్స్ అయితే ముందు స్పిరిట్‌తో తుడవండి. హుక్కు అంటించాక ఒక రోజు ఏమీ తగిలించకుండా వదిలేయండి.